కులానికొక్క మాట

సాయవ్వ చేన్లో మక్క కంకులు అప్పుడప్పుడే పాలు పోసుకుంటున్నాయి. ఆ చేన్లోకి పొద్దున్నే జేసీబీ దిగింది. బీడీల చాట గడప మీదే వదిలేసి సాయవ్వ పరుగెత్తుకొచ్చేసరికి నాలుగు సాళ్లు మట్టిలో కలిసిపోయాయి. ఇద్దరు కూలీలు తెల్ల రంగు పూసిన హద్దురాళ్లు పాతుతున్నారు.

"ఎవల్నడిగి దిగిండ్రు సారూ?" అంది.

సర్వేయర్ టీ తాగుతున్నాడు. "మీ కులపెద్దనడిగినం. తాగునీళ్ల రిజర్వాయర్ గదా, మీ వాడంత ఒప్పుకున్నరని సంతకం పెట్టిండు" అన్నాడు. తాగిన కప్పును ఆమె చేన్లోనే విసిరేశాడు. తినే కంకుల మధ్య పడ్డ ఆ ఎంగిలి కప్పును సాయవ్వ ఏరి గట్టు అవతల పారేసింది.

ఆ ఊరి పద్ధతే అది. గ్రామాభివృద్ధి కమిటీ కూర్చుంటే కులానికొకరు పోతారు. కులపెద్ద లేచి సరే అంటే ఆ కులంలో పుట్టిన ప్రతి మనిషీ సరే అన్నట్టే లెక్క. కల్లు దుకాణం వేలమైనా, పండుగ చందా అయినా అంతే. కాదన్న ఇంటికి కిరాణం బంద్, పనులు బంద్. దళితవాడలోని ముప్పై ఇళ్ల తరఫున సిద్దిరాములు ఇరవై ఏళ్లుగా సరే అంటూనే ఉన్నాడు. ఆ ఒక్క సరేతో ఇప్పుడు వాడకు సర్కారిచ్చిన అసైన్డ్ భూమంతా పోతోంది. సాయవ్వకున్నది ఎకరం పది గుంటలు. మొగుడు పోయాక ఆమెను నిలబెట్టింది ఆ చేనొక్కటే.

ఆ సాయంత్రం వాడ ఆడవాళ్లంతా బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని సాయవ్వ వాకిట్లో కూర్చున్నారు. మాట్లాడుతున్నా చేతులు ఆగవు వాళ్లకు. సాయవ్వ అన్న కూతురు శిరీష నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది, విద్యార్థి సంఘంలో తిరుగుతుంది. రిజర్వాయర్ వస్తుందని విన్నప్పుడే సమాచార హక్కు కింద అడిగితే ఇప్పుడు చేతికొచ్చిన రెండు నక్షాలు మధ్యలో పరిచింది.

"మొదలు గీసింది గిది. కమిటీ పెద్ద వెంకట్రావు చెరుకుతోట. పల్లంల ఉంది, కాలువ పక్కనే. నీళ్లు వాటంతటవే వస్తయి. మూడు నెలలకు గీత మారింది. గిప్పుడు మన మిట్ట మీదికి మోటార్లు పెట్టి ఎక్కిస్తరట."

"మిట్టకు నీళ్లెక్కిచ్చుడేంది? గంత సదువుకున్నోళ్లకు గీమాత్రం తెల్వదా?" అంది గంగామణి.

"తెలుసు. చెరుకుతోట ఎవలిదో గూడ తెలుసు" అంది శిరీష.

సిద్దిరాములు అరుగు చివర తల దించుకుని ఉన్నాడు. "ఊరికి మంచినీళ్లంటే కాదంటమా? నలుగుర్ల నేనొక్కణ్ని కాదని ఎట్ల లెవ్వాలె?" అని గొణిగాడు.

"మమ్ములను అడిగినవా మరి?" అంది సాయవ్వ.

"ఎన్నడన్న అడిగిన్నా? మీరెన్నడన్న అడగమన్నరా?"

ఆ మాట సాయవ్వకు సూటిగా తగిలింది. నిజమే. ఇరవై ఏళ్లు తన నోరు అతనికిచ్చి తాను బీడీలు చుట్టుకుంటూ కూర్చుంది. అతని మీద ఎంత రోత పుట్టిందో, తన మీద తనకూ అంతే పుట్టింది.

పోసాని భయపడింది. "కమిటోళ్లు బంద్ పెడితే కార్ఖానాల బీడీ ఆకు గూడ ఇయ్యరు. పిల్లలకు ఏం పెట్టాలె?"

"భూమి పోయినంక ఏం పెడ్తవ్?" అని సాయవ్వ అడిగింది. భూసేకరణ కోసం రేపు ఆర్డీవో పెట్టే గ్రామసభలో ఎవరేం చెప్పినా అధికారులు పేరుతో సహా రాసుకోవాలని శిరీష చెప్పింది. వాదులాడుకుని, ఏడ్చి, తిట్టుకుని, చివరికి ఒక మాటకొచ్చారు. రేపు కులానికొక్క మాట చెల్లదు. మనిషికొక్క మాట.

గ్రామసభకు బడి ముందు షామియానా వేశారు. వాడ ఆడవాళ్లు బీడీల చాటలు చంకన పెట్టుకునే వచ్చారు. ఫ్లెక్సీలో వెంకట్రావు దండం పెడుతూ నవ్వుతున్నాడు. ముందు వరసలో ఈ ఊరు కానివాళ్లు బిర్యానీ పొట్లాలు పట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనకముందే చప్పట్లు కొడుతున్నారు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన ఆర్డీవో, వెంకట్రావు తెప్పించిన కొబ్బరినీళ్లు తాగి తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు.

వెంకట్రావు మైకు పట్టుకున్నాడు. "మంచినీళ్లంటే పుణ్యకార్యమండి. ఊరి కోసం మనం కాస్త త్యాగం చెయ్యాలి."

ఎవరి త్యాగమో చెప్పలేదు. సాయవ్వకు ఉమ్మి వేయాలనిపించింది.

"కులాలవారీగా చెప్పండి, తొందరగా అయిపోతుంది" అన్నాడు ఆర్డీవో. పెద్దలు ఒక్కొక్కరే లేచి సరే అన్నారు. సిద్దిరాములు వంతు వచ్చింది. అతను లేవకముందే సాయవ్వ మైకు దగ్గరికి నడిచింది.

"నా పేరు సాయవ్వ. ఎకరం పది గుంటలు. నన్నెవలు అడగలె. నేనియ్య."

"సరే, మీ వాడకు అభ్యంతరం ఉందని రాస్తాంలే. కూర్చో."

"వాడది గాదు, నాది రాయుండ్రి. మాకూ నీళ్లు గావాలె. చెరుకుతోట మీద గీసిన గీత మా మీదికెట్లొచ్చిందో గదిగూడ రాయుండ్రి."

మైకు ఆగిపోయింది. వెంకట్రావు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై ఆమె రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు. సభకు అడ్డు తగిలిందట. పోలీసు బండిలోకి తోస్తుంటే ఆమె మోకాలు చిట్లింది.

కిటికీ ఊచల్లోంచి చూసింది. మైకు లేకుండానే ఒక గొంతు లేచింది.

"నా పేరు గంగామణి. ముప్పై గుంటలు. నేనియ్య."

ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక మరొకరు. గుమస్తా కలం ఆపితే శిరీష బల్ల దగ్గరికి వెళ్లి, "రాయండి సార్" అంది. వీళ్లను ఆపమని ఆర్డీవో కులపెద్దను పిలిచాడు.

"నేను జెప్తె ఇనరు సార్. అడగకుంట సంతకం పెట్టిన గదా, ఇగ ఎందుకింటరు" అన్నాడు సిద్దిరాములు. తనకిచ్చిన బిర్యానీ పొట్లం కుర్చీ మీద వదిలి వెళ్లి ఆడవాళ్ల వరస చివర నిలబడ్డాడు.

రేపటి నుంచి ఆ వాడకు అన్నీ బంద్ అని కమిటీవాళ్లు కేకలేశారు. వరస కదల్లేదు. పద్దెనిమిదో మనిషి చెబుతుండగా ఆర్డీవో కాగితాలు సర్దుకుని లేచాడు. "సభ ముగిసింది."

పోసాని జీపుకూ ఆయనకూ మధ్య వచ్చి నిలబడింది. నిన్న బంద్‌కు భయపడ్డ మనిషి. సాయవ్వ బండిలోంచి చూస్తూనే ఉంది.

"మేమింక పన్నెండు మందిమున్నం సారూ" అంది పోసాని. "కూసోండ్రి."

ఆయన జీపు వైపు చూశాడు. జీపు ముందూ, పోలీసు బండి ముందూ ఆడవాళ్లు చాటలు దించి కూర్చున్నారు. ఆర్డీవో కూర్చున్నాడు.