అడుగుగీత లేని యెనిమిది

ఆషాఢ బహుళ దశమినాటి యుదయమున ఎనిమిది గంటల యెనిమిది నిమిషములకు కాకినాడ గాంధీనగరమున నిష్ఠల వామనమూర్తి యఱచేతనున్న గడియారము సమయమును చూపలేదు. అది నిలిచిపోలేదు. లోపల నడచుచునే యుండెను.

మూడుదినములనుండి ముసురు వదలలేదు. సముద్రముమీదనుండి తరలివచ్చిన మేఘములు రేవున నిలిచిన యోడల కొయ్యలను కప్పి మడయడవులమీదుగా ఊరిపైకి దిగి వీథులను నీటిచే నింపి పాలవాండ్రను పత్రికలవాండ్రను గుమ్మములకడ నిలిపివైచిన యా వేళ వామనమూర్తి వసారాలో కుర్చీ వైచుకొని వెలుతురున కెదురుగా ఆ గడియారమును పట్టి చూచుచుండెను. ఎనిమిది యను నంకెకు ఏడు గీతలు వలయును. ఆఱు వెలసెను. అడుగున నుండవలసిన యడ్డుగీత వెలయలేదు. ఎనిమిది నిచ్చెనవలె నుండెను. సున్న బోర్లించిన గిన్నెవలె నుండెను. దాని ప్రక్కన మఱియొక నిచ్చెన.

బస్సుస్టేషనున కంట్రోలరుగా నుండి బస్సుల రాకపోకలను మైకులో ప్రకటించుచు ఉద్యోగజీవితమంతయు గడపి విరమించిన వామనమూర్తికి ఈ గడియారముతో పని యెట్లు కలిగెనో చెప్పవలయును. పెండ్లికి పూర్వము ఆయన భార్య వైదేహి సామర్లకోట టెలిఫోను ఆఫీసున ఆపరేటరు. ఎనిమిది గంటల యెనిమిది నిమిషముల బస్సున నిత్యము పోయెడిది. ఒకనాడు ఆమె వేళకు వచ్చునప్పటికి బస్సు వెడలిపోయి యుండెను. ఆమె తిన్నగా కంట్రోలరు గదిలోనికి వచ్చి తన ముంజేతి జపాను గడియారమును వామనమూర్తి ముఖమునకు ఎదురుగా పట్టెను. అంకెలలో సమయమును చూపు గడియారము ఆ దినములలో ఆ యూర పలువురికడ లేదు.

“మీరు గోడ గడియారం చూసి బస్సు పంపిస్తున్నారా, పంచాంగం చూసి పంపిస్తున్నారా?” అని ఆమె యడిగెను.

“మా గడియారం సరిగానే ఉందండీ.”

“ఇది టెలిఫోనాఫీసు టైముతో కలిపింది. కావలిస్తే ఫోన్ చేసి కనుక్కోండి.”

వామనమూర్తి కనుగొనెను. గోడ గడియారము రెండు నిమిషములు ముందున్నది. ఆయన మైకు తీసికొని సామర్లకోట బస్సు వేళకు ముందుగా పంపబడినదనియు తప్పు కంట్రోలరుదనియు ప్రకటించెను. జనులు నవ్విరి. వైదేహి నవ్వలేదు. రెండవయేట శ్రావణమాసమున వారికి వివాహమయ్యెను. ఆ గడియారము మాత్రము కొన్నియేండ్లకు యానాము రేవున పడవ దిగుచుండగా పట్టీ తెగి గౌతమిలో పడెను.

అట్టి గడియారమునే రాబోవు వివాహదినమున ఎనిమిది గంటల యెనిమిది నిమిషములకు భార్య చేతికి కట్టవలయునని వామనమూర్తి సంకల్పించి పాతవస్తువులు విక్రయించు అంగళ్లను ఫోనునందు నెలల తరబడి వెదకి తుదకు ఏలూరికి చెందిన రత్నాజీ యను వాని పుటలో దానిని కనుగొని భార్యకు తెలియకుండ తెప్పించెను. ప్రకటనలో పాతదనియు పనిచేయుచున్నదనియు ఫోటో చూచి కొనవలయుననియు వాపసు లేదనియు ఉండెను. ఫోటోలో సమయము పదునొకండు గంటల నలుబదియేడు నిమిషములు. ఆ యంకెలలో ఏ లోపమును లేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన మెయిన్ రోడ్డున గడియారముల దుకాణమునకు పోయెను. అచ్చటివాడు విప్పి తుడిచి బ్యాటరీ మార్చి బిగించెను. గీత రాలేదు. వామనమూర్తి రత్నాజీకి సందేశము పంపెను. ప్రత్యుత్తరము వెంటనే వచ్చెను.

“ఫొటోలో ఉన్నది ఉన్నట్టు పంపాం సార్. థాంక్యూ.”

ఈ పంక్తిని ఆయన ముమ్మాఱు చదివెను. పిదప ప్రకటనలోని ఫోటోను తెఱచి గడియారమును దాని ప్రక్కనుంచి మీట నొక్కుచు అంకెలను ఒక్కొక్కటిగా త్రిప్పెను. ఒకటి సరిగా వచ్చెను. రెండునకు అడుగులేదు. మూడునకు లేదు. నాలుగు సరిగా వచ్చెను. అయిదునకు ఆఱునకు లేదు. ఏడు సరిగా వచ్చెను. ఒకటికి నాలుగునకు ఏడునకు అడుగుగీతతో పనిలేదు. ఫోటోలో ఈ మూడంకెలు తప్ప వేఱంకె లేదు.

అప్పుడాయన రత్నాజీ పుటలోని తక్కిన గడియారములను చూచెను. ఒకదానియందు నాలుగు గంటల పదునేడు నిమిషములు. ఒకదానియందు ఒంటిగంట పదునాలుగు. ఒకదానియందు ఏడు గంటల నలుబదినాలుగు. పుటయంతయు వెదకినను ఒక సున్న కానరాలేదు. ఒక ఎనిమిది కానరాలేదు. యంత్రమునకు రోగము వచ్చుట వేఱు. ఆ రోగము కనబడని నిమిషము కొఱకు ఒక మనుష్యుడు కెమెరా పట్టుకొని కాచుకొని కూర్చుండుట వేఱు.

మఱునాడు ఆయన చొక్కా తొడిగికొని ఏలూరులో పని యున్నదని భార్యకు చెప్పెను.

“ఏం పనో చెప్పకపోతే పోనీండి,” అని వైదేహి యనెను. “గొడుగు మాత్రం మర్చిపోకండి. కిందటిసారి రాజమండ్రి బస్సుకి దానం చేసొచ్చారు.”

పార్సిలుమీది చిరునామా పవరుపేటలో ఒక మేడమీది గది. రత్నాజీకి ముప్పదియైదేండ్లుండును. బల్లమీద గడియారములును తెల్లగుడ్డయు ఫోను నిలుపు కొయ్యయు ఉండెను. అతడు లేచి కుర్చీ చూపెను.

“రండి బాబాయిగారూ. వర్షంలో వచ్చారు. టీ చెప్పమంటారా?”

వామనమూర్తి గడియారమును బల్లమీద పెట్టెను.

“టీ తరవాత. ముందు దీన్ని ఎనిమిది చూపించమను.”

“నడుస్తోంది కదండీ.”

“నడుస్తోంది. చెప్పడం లేదు. పదకొండూ నలభైయేడుకే ఎందుకు తీశావు ఫొటో?”

రత్నాజీ ఆయనను చూచి పిదప గడియారమును చూచి నవ్వెను.

“పట్టేశారే! ఇన్నాళ్ళనుంచీ అమ్ముతున్నానండి, ఒక్కరు అడగలేదు. నాకూ ఈ గడియారాలన్నీ ఇలాగే అంటగట్టారండి, బెంగుళూరాయన. ఆయన ఫొటో చూసే నేర్చుకున్నాను. ఆ గీత నేనేమైనా చెరిపేశానా?”

“పనిచేస్తోందని రాశావు.”

“పనిచేస్తోందిగా! నేనొక్క అబద్ధం ఆడలేదండి బాబాయిగారూ.”

“నువ్వు ఆడలేదు. నీ బదులు ఆడమని గడియారాన్ని కూర్చోబెట్టావు.”

రత్నాజీ నవ్వు మానెను. కొంచెమాలోచించి ఫోను తీసెను.

“పెద్దవారు, ఇంత దూరం వచ్చారు. గొడవెందుకండి. గడియారం ఇచ్చేయండి, మీ డబ్బు ఇప్పుడే వెనక్కి వేసేస్తాను. పైసా తగ్గించను.”

వామనమూర్తి కోరి వచ్చినది ఇదియే. ఆయన చేయి చాచి గడియారమును రత్నాజీవైపు జరిపెను. జరిపి దానిమీదనుండి వ్రేలు తీయలేదు.

“దీన్ని ఏం చేస్తావు?”

“ఏం చేస్తానండీ. పెడతాను. వారంలో పోద్ది.”

“ఏ ఫొటో పెడతావు?”

“పాతది ఉందిగదండీ.”

“ఎనిమిదీ ఎనిమిదికి తీసి పెట్టు. ఇక్కడే, నా ఎదర తియ్యి. గడియారం నీకిచ్చేసి పోతాను.”

“భలేవారే! అప్పుడెవడు కొంటాడండీ?”

తెల్లగుడ్డమీద వేఱొక గడియారము ఫోటో కొఱకు సిద్ధముగా నుండెను. దానియందు ఒంటిగంట పండ్రెండు నిమిషములు. రెండు అను నంకెకు అడుగులేదు. పదునాలుగగుటకు ఇంక రెండు నిమిషములు మాత్రమే యున్నవి. వామనమూర్తి దానిని చూచెను. ఆయన గొంతు మైకు లేకయే మెట్లవఱకు వినబడెను.

“బస్సు రాకపోతే రాలేదని మైకులో చెప్పేవాణ్ణి. జనం తిట్టేవారు. తిట్టించుకున్నాను. వస్తోందని చెప్పి ఒక్క మనిషిని ఎండలో నిలబెట్టలేదు. నేనిది నీకిచ్చి డబ్బు తీసుకుంటే, వచ్చేవారం ఎవడో నాలాంటివాడు పెళ్ళాం కోసం దీన్నే కొంటాడు. వాడి దగ్గర తీసుకుని నాకిస్తున్నావన్నమాట. నాకొద్దు.”

“డబ్బొద్దా? మరి ఈ పాడు గడియారంతో మీకేం లాభమండి?”

వామనమూర్తి గడియారమును జేబులో వైచుకొని మెట్లు దిగెను. గొడుగు రత్నాజీ గదిలోనే యుండిపోయెను.

దీపములు పెట్టువేళకు తడిసి వచ్చిన భర్తను వైదేహి గుమ్మముకడ నిలిచి నఖశిఖపర్యంతము చూచెను.

“గొడుగేదీ?”

ఆయన దాచవలసినది దాచలేక జరిగినదంతయు చెప్పి గడియారమును ఆమె చేత బెట్టెను.

“డబ్బిస్తానన్నా తీసుకోలేదా! గడియారమూ పాడే, గొడుగూ పోయె. ఉద్ధరించారు, వెళ్ళి తల తుడుచుకోండి,” అని యామె యనెను గాని లోనికి పోలేదు. ఆ యుక్కుపట్టీని వ్రేళ్లతో తడవుచు దీపముక్రింద కొంతసేపు నిలిచెను.

“ఇది నాకా?”

“నీకే అనుకున్నాను. ఇంక ఇచ్చేదేముంది. ఎనిమిదీ ఎనిమిది చూపించనిది నీకెందుకు?”

ఆమె గడియారమును కొంగున తుడిచి తన పెట్టెలో ఉంచెను.

శ్రావణమాసమున వారి వివాహదినము వచ్చెను. వాన వెలిసి వాకిట ఎండ వచ్చియుండెను. వైదేహి తలంటుకొని పట్టుచీర కట్టుకొని వసారాలోనికి వచ్చి ముంజేతిని చాచి కట్టుడనెను. వామనమూర్తి కట్టెను. ఆమె చేయి తనవైపు త్రిప్పుకొని చూచెను. రెండు నిచ్చెనల నడుమ ఒక బోర్లించిన గిన్నె యుండెను.

“ఎనిమిదీ ఎనిమిది అయింది,” అని యామె యనెను.

“కనబడుతోందా?”

“మీ గోడ గడియారం కంటే నయమే.”

వామనమూర్తి నవ్వెను. ఆమె నవ్వలేదు. కుర్చీలో కూర్చుండి తన ఫోనును తీసి రత్నాజీ పుట యేదో చూపుమని యడిగెను. ఆ యుదయముననే అచ్చట వేఱొక గడియారము క్రొత్తగా పెట్టబడియుండెను. పాతది పనిచేయుచున్నది వాపసు లేదు అని క్రింద వ్రాసియుండెను. ఫోటోలో సమయము ఏడు గంటల నలుబదియొక నిమిషములు.

వైదేహి తన ఫోనునుండి ఇట్లు వ్రాసి పంపెను: “నమస్కారం. ఎనిమిదింటప్పుడు తీసిన ఫొటో ఒకటి పెట్టండి.”

కొంతసేపటికి సందేశము చదువబడినట్లు గుఱుతు పడెను. మధ్యాహ్నమువఱకు ప్రత్యుత్తరము రాలేదు. సాయంకాలము ఆమె మఱల పుట తెఱచి చూచెను. ఫోటో మారలేదు. దానిమీద అమ్ముడుపోయినదని వ్రాసియుండెను.