రెడ్డికి రాని జ్వరం

మా పంచాయతీ ప్రెసిడెంటు రామనారాయణరెడ్డి జుబ్బా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. రెండింటిలో ఏదీ రాసేది కాదు. ఎలక్షనప్పుడు అరుగు అరుగుకీ తిరిగి, "మీకు ఆపదొస్తే ముందు నా రొమ్ము అడ్డం పెడతా" అని చెప్పి గెలిచాడు. ఆ రొమ్ము వెడల్పు చూసి మేమూ నమ్మాం.

ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే మా ఊరు. యాభై రెండో సంవత్సరం ఎండాకాలంలో బావులు అడుగంటాయి. బురదనీళ్ళే వడగట్టుకుని తాగాం. కలరా వచ్చింది. మూడు రోజుల్లో నలుగురు పోయారు. నాలుగోవాడు మునెయ్య. పొద్దున గొర్రెల్ని తోలుకుపోయిన మనిషి సాయంత్రానికి లేడు.

ఉదయగిరి నుంచి హెల్తు ఇనస్పెక్టరు మల్లికార్జునం సైకిలుకు మందుపెట్టె కట్టుకుని వచ్చాడు. సూదులు వేస్తానంటే జనం తలుపులు మూసుకున్నారు. సూది వేయించుకున్న ఆడదానికి పిల్లలు పుట్టరని ఒక మాట, మగవాడికి చెయ్యి పడిపోతుందని ఇంకో మాట. ఎవరు పుట్టించారో తెలియదు గానీ, నమ్మింది మాత్రం మేమందరమూ.

"ప్రెసిడెంటుగారు ముందు వేయించుకుంటే అందరూ వస్తారండీ" అన్నాడు ఇనస్పెక్టరు.

"దానికేముండాది! రేప్పొద్దున చావిడి కాడ. టముకేయించండి" అన్నాడు రెడ్డి.

మర్నాడు ఊరంతా చావిడి ముందు చేరింది. రెడ్డి కుర్చీలో కూర్చుని జుబ్బా చెయ్యి పైకి మడిచాడు. ఇనస్పెక్టరు ఆయన మొహం చూడకుండా సూది వేశాడు. రెడ్డి కన్ను కూడా ఆర్పలేదు. అందరం చప్పట్లు కొట్టాం.

రెండో సూది రాఘవమ్మకు. ఆమెకు ఊళ్ళో చిల్లరంగడి ఉంది. భర్త పోయి పదేళ్ళు. పంచాయతీలో ఒక ఆడమనిషి కూడా ఉంటే పైవాళ్ళు మెచ్చుకుంటారని రెడ్డే ఆమెను మెంబరుగా పెట్టించాడు. మీటింగుకు పిలిచేవాడు కాదు. పుస్తకం అంగడికి పంపి సంతకం పెట్టించుకునేవాడు. సూదిని చూడగానే ఆమె పెదాలు పాలిపోయాయి. కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపింది. ఆమె వెనక నాతో కలిపి నలభై మందిమి వేయించుకున్నాం.

తెల్లారేసరికి నలభై మందికీ జ్వరం, చేతులు వాపు. ఇట్లా అవుతుంది, రెండు రోజుల్లో తగ్గుతుంది అని ఇనస్పెక్టరు ముందే చెప్పాడు. ఊరుకుంటే సరిపోయేది. కానీ రెడ్డికి ఊరుకోవడం చేతకాదు. వీధిలో చెయ్యి ఊపుకుంటూ తిరిగాడు.

"ఏందిరా, ఇంత మాత్రానికే మూలుగుతుండారు? నన్ను చూడండి. ఒళ్ళు కాస్తయినా వెచ్చబడలా!"

దాంతో కొంప మునిగింది. "రెడ్డికేసింది మంచి మందు. మనకేసేది వేరేది. చంపేదానికే వచ్చినాడు వాడు" అన్నాడు ఇంకా సూది వేయించుకోని మాలకొండయ్య. మధ్యాహ్నానికల్లా సూదికి వచ్చినవాళ్ళు వెనక్కి పోయారు. ఇనస్పెక్టరు సైకిలు టైర్లు ఎవరో కోసేశారు. ఆ పూటే ఇంకో ఇద్దరికి వాంతులు పట్టుకున్నాయి. ఇనస్పెక్టరును కొట్టడానికి చావిడి ముందు కర్రలతో జనం చేరితే రెడ్డి వాళ్ళను ఆపలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

రాఘవమ్మ జ్వరంతోనే, గోడ పట్టుకుని పట్టుకుని వచ్చింది.

"ఇనస్పెక్టరూ, నాకేసిన మందు బియ్యం కడిగిన నీళ్ళ మాదిరి తెల్లంగా ఉండె. రెడ్డికేసింది తేటంగా ఉండె. రెండూ ఒకటేనా?"

"అమ్మా, జ్వరంలో ఏందేందో మాట్లాడుతుండావు. ఇంటికి పో" అన్నాడు రెడ్డి.

"జవాబు విన్నాక పోతా. నిన్ననే చూసినాను నేను. నీతో పెట్టుకుంటే అంగడి సాగదని నోరు మూసుకున్నా. అది నా తప్పు. ఈ జనం ముందరే ఒప్పుకుంటుండా."

మల్లికార్జునం నిజం చెప్పేశాడు. "ఒట్టి నీళ్ళండీ. సూది కడిగేదానికి కాచిన నీళ్ళు. ముందురోజు రెడ్డి నన్ను ఇంటికి పిలిపించి, నీళ్ళెయ్యకపోతే ఉద్యోగం ఉండదన్నాడు. పిల్లలవాణ్ణి. వేశాను."

రాఘవమ్మే కుర్చీ తెచ్చి రెడ్డి ముందు వేసింది.

"భయపడితే తప్పులేదు రెడ్డీ. నాకూ భయమే. ఇప్పుడు వేయించుకో. నిన్నెవరూ ఏమీ అనరు."

ఇనస్పెక్టరు అందరూ చూస్తుండగా తెల్లమందు సీసాలోంచే సూదిలోకి ఎక్కించాడు. రెడ్డి సూదిలోని ఆ మందును చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. అంత వెడల్పు రొమ్మూ జుబ్బాలో ఎక్కడికి పోయిందో!

"ఆత్మకూరులో అర్జెంటు మీటింగు ఉండాది. మరిచేపోయినా" అన్నాడు.

అరగంటలో ఆయన బండి బావమరిది ఇంటికి, ఆత్మకూరుకు బయల్దేరింది. ఆయన భార్య ప్రమీలమ్మ మాత్రం బండెక్కలేదు. గడప దాటి వీధిలోకి రాని మనిషి, నేరుగా చావిడికి వచ్చి చెయ్యి చాపింది.

"నాకెయ్యండి. ఆ తెల్లదే."

ఆమె తర్వాత మాలకొండయ్య చేతిలో కర్ర కిందపడేసి వచ్చాడు. తర్వాత మిగిలిన ఊరంతా. మొత్తం తొమ్మిది మంది పోయారు. అక్కడితో ఆగింది.

వాన పడ్డాక రెడ్డి తిరిగొచ్చాడు, కాస్త ఒళ్ళు చేసి. మొదటి మీటింగులోనే, కలరా రోజుల్లో ప్రెసిడెంటుగారు చేసిన సేవకు కృతజ్ఞతలు తెలుపుతూ తీర్మానం రాయించాడు. మిగతా మెంబర్లందరూ సంతకాలు పెట్టారు. వాళ్ళంతా ఆయన పొలాలు కౌలుకు చేసేవాళ్ళే. పుస్తకం అంగడికి వచ్చినప్పుడు రాఘవమ్మ కింద రాసింది: 'ఇది అబద్ధం. ఆ రోజుల్లో ప్రెసిడెంటు ఆత్మకూరులో ఉన్నాడు.' రాసి సంతకం పెట్టింది.

ఆమె అంగడి తొక్కరాదని రెడ్డి హుకుం. ప్రాణం నిలబెట్టిన మనిషి గుమ్మం ఎక్కడానికి భయపడి మేం పక్కసందులోంచి పోయి ఆమె దగ్గరే ఉప్పూ పప్పూ తెచ్చుకునేవాళ్ళం. ప్రమీలమ్మ ఒక్కతే పట్టపగలు ముందు వాకిలి నుంచి పోయేది. మల్లికార్జునాన్ని కొండాపురం అవతలికి మార్చారు. పోయేముందు రాఘవమ్మకు దణ్ణం పెట్టి పోయాడు.

తర్వాతి ఎలక్షనుకు రెడ్డి మళ్ళీ నిలబడ్డాడు. అప్పట్లో అందరి ముందూ చేతులెత్తి ఓటు వెయ్యాలి. మాలకొండయ్య ఎత్తాడు. నేనూ ఎత్తాను. రాఘవమ్మ ఎత్తలేదు. ఆమె మా మొహాలు ఒక్కొక్కటీ చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.