ముందు అంచు అరిగిన చెప్పులు

‘సగం డాక్టరు’ అని అందరూ పిలిచే బావమరిది నోరు మూసుకుని ఉంటే చెప్పుల మేస్త్రి ఇంటికి అంత గండం వచ్చేదే కాదు. మందుల దుకాణంలో ఆరు నెలలు పెట్టెలు మోసినందుకు అతనికి దక్కిన బిరుదు అది.

మేస్త్రి కూతురికి పదహారేళ్లు. విపరీతంగా ఒళ్లొచ్చి, చక్కెర జబ్బు కూడా మొదలవడంతో డాక్టర్లు కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేశారు. రెండు నెలల్లో పద్దెనిమిది కిలోలు తగ్గింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. బావమరిది మాత్రం డాక్టర్లు రోజూ వేసుకోమన్న బిళ్లల డబ్బా తీసి పెదవి విరిచాడు.

“ఇంకా ఈ విటమిన్లెందుకు బావా? మళ్లీ ఒళ్లొచ్చేస్తుంది. ఊరు చేరాక టికెట్టు కొన్నట్టుంది నీ పని!”

మేస్త్రి నవ్వేసి డబ్బా అటకెక్కించాడు.

నెల తిరక్కుండా ఒక ఉదయం, పట్టీ తెగిందని పిల్ల చెప్పులు తెచ్చి ఇచ్చింది. ఆపరేషన్ తర్వాత అతనే కొత్తగా కుట్టిన జత. రెంటికీ ముందు అంచు అరిగి లోపలి పొర బయటపడింది.

“కాళ్లీడుస్తూ నడుస్తావేమే? నా కష్టమంతా రోడ్డుకి రాసేస్తున్నావు!”

“ఈడ్చట్లేదు నాన్నా. ఎత్తుతున్నాననే అనుకుంటున్నా.”

మేస్త్రి చేతిలో సూది ఆగిపోయింది. అరుగుదల చూసి మనిషి నడక చెప్పగలడతను. వేళ్ల దగ్గర ఇలా అరగడం పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన చెప్పుకే చూశాడు. అదీ ఒక్క కాలికే.

కూతురి అరికాలు నొక్కాడు. “తెలుస్తోందా?”

“గుడ్డ చుట్టినట్టుంది.” పిల్ల తల దించుకుంది. “మూడు వారాలుగా రోజూ వాంతులు నాన్నా. సన్నబడ్డానని అందరూ మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు.”

మేస్త్రి షట్టర్ దించి, పిల్లను ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టర్లు చూసిన వెంటనే విటమిన్ సూదిమందు ఎక్కించారు. రెండు రోజుల్లో వాంతులు కట్టాయి. పదిహేనో రోజున పిల్ల గోడ పట్టుకోకుండా వరండా చివరిదాకా నడిచింది. మేస్త్రి అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

పెద్ద నర్సమ్మ అతని పక్కన కూర్చుంది.

“సమయానికి తెచ్చావన్నా. కడుపు చిన్నదైంది గానీ పిల్ల ఎదగడం ఆగలేదు కదా? నరాలకీ ఎముకలకీ కావలసింది ఆ కాస్త తిండితో అందదు. అందుకే బిళ్లలు ఎప్పటికీ మానకూడదు. బడిలో అన్నం గబగబా మింగకుండా నమిలి తినాలి. వాంతులు ఆగకపోతే ఆ రోజే రావాలి. ఎన్ని కిలోలు తగ్గావని అందరూ అడిగారట. ఎలా ఉన్నావని ఒక్కరైనా అడిగారా?”

“లేదమ్మా,” అన్నాడు మేస్త్రి. “నేనే అడగలేదు.”

కోత కొయ్యడం డాక్టరు పని, గంటన్నరలో అయిపోతుంది. ఆ తర్వాత బిడ్డను కనిపెట్టుకుని ఉండటం ఇంటివాళ్ల పని, అది ఏళ్ల తరబడి సాగుతుంది. పిల్లలున్న ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవలసిన మాట ఇదే.

పంతొమ్మిది రోజులు దుకాణం మూసినందుకు మేస్త్రికి ఒక బడి బూట్ల బేరం చేజారింది. పోతే పోయింది, పిల్ల నడుస్తోంది అంటాడు. అయినా ఎవరడిగినా పోయిన బూట్ల లెక్క తడుముకోకుండా చెబుతాడు: రెండు వందల నలభై జతలు.