ఇన్నమ్మ నవదినాలు

మైకుసెట్టు చిన్నప్పకు మైకు అవసరం లేదని బచ్చన్నపేట చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకూ జాతర్లకూ పెట్టెలు కట్టాడు గానీ, ఆయన నోరు విప్పితే చెట్టు మీది పిట్టలు లేచిపోయేవి, మాట విరిస్తే కింద ఉన్న మనుషులు నవ్వలేక కూలబడేవాళ్లు. కట్టుకున్నదాని పేరునూ వదల్లేదు. "ఏమే ఇన్నమ్మా, ఇన్నవా?" అని రోజుకు పదిసార్లు. "ఇననమ్మను. ఇనను పో" అని ఆమె పదకొండుసార్లు.

ఆ ఇన్నమ్మ ఇప్పుడు ముందరి గదిలో మంచానికి అతుక్కుపోయింది. కడుపులో కాన్సర్. హన్మకొండ దవాఖానలో పెద్ద డాక్టరు ఫైలు మూసి, "ఇంటికి తీసుకుపోండి, ఇష్టమైనవి పెట్టండి" అన్నాడు. రెండు చెంచాల జావ దిగడమే కష్టమైన మనిషికి ఇష్టమైనవేం పెడతాడు?

ఇన్నాళ్లూ ఆ ఇంటి తరఫున దేవుడితో మాట్లాడింది ఆమే. నమ్ముకున్నది ఏసు శిష్యుల్లో ఒకడైన పునీత యూదా తద్దయిని. ప్రభువును శత్రువులకు అప్పజెప్పిన యూదా వేరు, ఈయన వేరు. పేరు కలిసిన పాపానికి ఎంతో కాలం ఎవరూ ఈయన జోలికి పోలేదని, అందుకే ఎవరి వల్లా కాని పనులు ఈయన మీదేసుకుంటాడని గుడిలో చెబుతారు. "ఖాళీగున్నోన్ని మంచిగ దొరకవట్టినవ్" అని చిన్నప్ప ఎగతాళి చేసేవాడు. చర్చి సిస్టర్లు ఆయనను జూడ్ అంటారని తెలిశాక మరీ రెచ్చిపోయాడు. "జూడ్ గాదే, జూడు! జూడు తండ్రీ, జూడు!"

ఇప్పుడు ఆ జూడు ముందు తనే మోకాళ్లూనాడు. తొమ్మిది రోజుల నవదిన ప్రార్థనలు పట్టాడు. రోజూ పొద్దుగూకే వేళ పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, వాడకట్టంతా వినబడేలా చదివేవాడు. చూడవచ్చినవాళ్లు "ఇగ ఆమె పానం..." అని మొదలుపెడితే చాలు, "లేచి కూసుంటది" అని వాకిట్లోకి పంపించేవాడు.

ఏడోనాడు చిట్యాలలోని చిలుకమ్మకు ఫోన్ చేశాడు. కులం వేరు, మొక్కే దేవుడు వేరు గానీ, ఇన్నమ్మతో పదేళ్లు పక్కపక్క సాళ్లలో పత్తి ఏరిన మనిషి.

"మరదలా, మీ అక్కకు నవదినాలు చేస్తున్నం. ఎల్లుండి ఆఖరి. జర రా."

సిగ్నల్ "నవ"ను నమిలి మింగింది. "దినాలు" మాత్రం క్షేమంగా చిట్యాల చేరాయి. పోయినవాళ్లకు చేసేవే దినాలని తెలిసిన చిలుకమ్మ ఫోన్లోనే భోరుమంది. అక్క జబ్బుకు ఏడుస్తున్నదనుకున్నాడు చిన్నప్ప.

తొమ్మిదోనాడు సాయంత్రం వాడకట్టు మొదట్లోనే శోకం లేచింది.

"ఓ నా ఇన్నక్కో... నాకు చెప్పకుంట ఎటు పోతివక్కో..."

చిన్నప్ప ఉరికొచ్చేసరికి చిలుకమ్మ గడప ముందు కూలబడి ఉంది. దినాలకని ఆయనకు పెట్టడానికి తెచ్చిన కొత్త తువ్వాల సంచిలోంచి జారి మట్టిలో పడింది.

"ఏం మనిషివి బావా! సచ్చిననాడు జెప్పవు, దినాలకు జెప్తవా? కడసూపుకు నేను పనికిరాకపోతినా?"

"ఎవరు సచ్చిండ్రే? దినాలు గాదు, నవ! నవ!"

"నవ్వాల్నా? అక్క పోతే నవ్వాల్నా నేను?"

లోపలి నుంచి సన్నటి గొంతు వచ్చింది. "చిలుకా, ఆయనతోని ఏంది? లోపల్కి రా."

చిలుకమ్మ ఏడుపు ఆపి గడప దాటింది. లోపల మంచం మీద ఎముకల గూడు, అందులో నవ్వుతున్న రెండు కళ్లు. చెంపలు వాయించుకుంది. "నా నోట్ల మన్నువడ! తప్పయింది అక్కా."

"ఎందుకాపినవే? మంచిగున్నది. మొత్తం ఏడువు. పోయినంక ఇననీకె నేనుండ."

"ఏయ్!" అన్నాడు చిన్నప్ప.

"నువ్వూకో. ముప్పయ్యేండ్లు ఇన్నవా ఇన్నవా అని పానం తింటివి. గిప్పుడు ఇననియ్యి."

చిలుకమ్మ ఆమె కాళ్ల దగ్గర కూర్చొని, మొదట తడబడి, తర్వాత ఒళ్లు మరిచి ఏడ్చింది. పండుగనాడు కూర గిన్నె పంపిన సంగతి, పత్తిచేలో పాము లేస్తే తనను వెనక్కి నెట్టి ముందు నిలబడ్డ సంగతి. "పాము గాదే, తొండ" అని ఇన్నమ్మ సరిదిద్దింది. సరిదిద్దుతూనే మంచంపట్టె పట్టుకొని వంకర్లు తిరిగింది. పళ్లు బిగుసుకున్నాయి. శోకం ఆగిపోయింది. ఆ నొప్పి వదిలేదాకా చిలుకమ్మ ఆమె కాళ్లు పట్టుకొనే ఉంది.

ఎనిమిది రోజులూ చిన్నప్ప చూసింది పటాన్ని. మంచం ఆయన వీపు వెనక ఉండేది.

"రోజూ గిట్లనేనా?" అని అడిగాడు.

"నువ్వు గట్టిగ సదువుతవు గదా. నా మూలుగుడు నీకెట్ల ఇనొస్తది?"

కొవ్వొత్తి వెలిగించాడు. ఈసారి మంచం పక్కనే మోకరించాడు. పుస్తకంలో ఒకచోట "ఇక్కడ మీ మనవి చెప్పుకొనవలెను" అని ఉంటుంది. ఎనిమిది రోజులూ అక్కడ ఇల్లదిరేలా "బతికియ్యి" అన్న మనిషి, అక్కడికొచ్చి ఆగిపోయాడు. ఆ నోటికి ఎన్నడూ మాటల కరువు లేదు. చిలుకమ్మ ఆయన ముఖం చూసి తల దించుకుంది.

"ఆమెను..." అన్నాడు. పుస్తకం మూసి మంచం మీద పెట్టాడు. మళ్లీ అన్నాడు. "ఆమెను నొప్పి లేకుంట తీస్కపో తండ్రీ."

"ఆమెన్" అంది ఇన్నమ్మ. ఆ తొమ్మిది రోజుల్లో ఆమె నోట అంత గట్టిగా వచ్చిన మాట అదొక్కటే.