ఇంజను ఆయిల్‌లో ఉప్పు

"ఆయిల్ కూలర్ మార్చేసేరు, ఇంజను బాగైపోయింది, రేపు తెల్లారేసరికి మన బోటు సముద్రంలో ఉంటది" అని మా ఆయన వీరబాబు జెట్టీ చివర నిలబడి కేకేసి చెబుతున్నాడు, నేను కుచ్చిళ్ళు పట్టుకుని అటు పరుగెడుతున్నాను, ఎంత పరుగెత్తినా జెట్టీ తరగడం లేదు, పక్కన నీళ్ళుండాల్సిన చోట మా డిగ్రీ కాలేజీ వరండా ఉంది, వరండా నిండా వలలు ఆరేసి ఉన్నాయి, అదేమీ నాకు వింతగా లేదు. పెళ్ళయి పంతొమ్మిది రోజులు. ఆయన నన్ను పేరు పెట్టి పిలిస్తే ఇప్పటికీ లోపల ఓసారి నవ్వుకున్నాకే పలుకుతాను. వేట నిషేధం అయిపోవస్తోందని నాలుగు రోజుల కిందట ఇంజను చూస్తే, ఆయిల్ పాలు పోసిన టీలా ఉంది, నీళ్ళు కలిశాయన్నారు, అప్పట్నుంచీ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఇప్పుడీ కబురు. నా చేతిలో ఎవరు పెట్టారో లడ్డూ ఉంది, సగం కొరికి, మిగతా సగం ఆయనకని దాచుకుని బోటులోకి దిగుతాను.

ఇంజను మూత మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు, ఎడమ కనుబొమ్మ మీద తెగిన గాటు. ఆ గాటు నాకు తెలుసు. మా హాల్లో దండ వేసిన ఫోటోలో రోజూ తుడుస్తాను. ఆరేళ్ళ కిందట పోయిన మా మావయ్యగారు, పోలయ్యగారు. నేనాయన్ని ఎన్నడూ చూడలేదు. నా చేతిలోంచి లడ్డూ జారి, నేలకు చేరడానికి చాలాసేపు పడుతుంది.

"బయపడకమ్మా. కోడలొచ్చినప్పుడు లెగాల. గానీ ఈ మూత మీంచి లెగిత్తే ఇంజను తిరిగేత్తదని కూకున్నాను."

"మావయ్యగారూ, మీరు..."

"పోయేను. అదలా ఉంచు. ఆయిల్ సూసే పుల్ల తియ్యి."

పుల్ల లాగుతాను, అది గజం వస్తుంది, రెండు గజాలు వస్తుంది, గెడకర్రంత పొడుగు వచ్చాక చివర్న మళ్ళీ అదే పాల టీ రంగు.

"పొద్దున్నే కొత్త ఆయిల్ పోశారండీ."

"పోత్తే? నీళ్ళు ఎక్కడ్నించి వచ్చేయో తెలవకుండా ఎన్ని పోసినా అంతే. గరిటెలో రెండు సుక్కలేసి పొయ్యి మీద పెట్టు."

ఇంజను పక్కనే మా వంటింటి పొయ్యి వెలుగుతోంది. గరిట కాగగానే ఆయిల్ చిటపటమని చేతి మీదకు ఎగురుతుంది, తాలింపులో తడి కరివేపాకు వేసినట్టు.

"నీళ్ళే. ఏ నీళ్ళు? నాలిక మీద ఏసి సూడు."

"లాబ్‌లో ఏదీ రుచి చూడకూడదండీ."

"అందుకే మీ లాబులు ఏటకి ఎళ్ళవు. బీయస్సీ సదివేవంట, ఉప్పో సప్పనో సెప్పలేవా?"

వేలి కొసతో తాకి చూస్తాను. "ఉప్పండీ."

"గాస్కెట్ పోతే ఇంజను లోపల తిరిగే మంచినీళ్ళు కలుత్తాయి, సప్పగుంటది. ఇది బయటి నీరు."

"అందుకేగా, సముద్రం నీళ్ళతో ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ మార్చారు."

"కూలర్‌కి సిల్లడితే ఇంజను తిరిగేటప్పుడు ఆయిలే నీళ్ళలోకి పోద్ది. బోటు ఎనకాల తెట్టు కడతది. కట్టిందా?"

పెళ్ళి రోజు ఈ బోటు మీదే జరిగిన ఊరేగింపులో వెనక అంచు మీద వంగి నేను చూసిందంతా తెల్లటి నురగే. లేదని తలూపుతాను.

"మరైతే ఇంజను తిరిగేటప్పుడు రాలేదు. ఆగున్నప్పుడు వచ్చేయి. ఇంజను ఆపేక ఎనక బరువెక్కింది ఎప్పుడు?"

ఎప్పుడూ లేదండీ అనబోతాను, అంతలో బోటు నిండా జనం, మా పిన్నులు, వాళ్ళ పిల్లలు, బాజా వాళ్ళు, వీడియో అబ్బాయి జెట్టీ మీంచి "ఇంజను ఆపండి, మాటలు వినపడట్లేదు, అందరూ వెనక్కి రండి, ఇంకాస్త దగ్గరగా" అంటున్నాడు, అందరూ నా చుట్టూ ఒత్తుకుంటున్నారు, బోటు వెనక భాగం మెల్లగా కిందికి దిగుతోంది, పక్కనుంచి పెద్ద బోటొకటి పోతే అలలు వచ్చి తాకుతున్నాయి, నా కాళ్ళ కింద పొగ గొట్టం గుడగుడమంటోంది. ఆ చప్పుడు నేను ఆ రోజు విన్నాను. బోటుకి దాహమేస్తోందని ఆయన చెవిలో చెప్పి నవ్వాను.

"మా పెళ్ళా?" అంటాను.

"మీ పెళ్ళే. ముప్పై మంది. మీ పెద్దమ్మొక్కత్తే ఇద్దరి పెట్టు." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటాడు. "నేనూ ఆళ్ళతోనే కూకున్నానమ్మా. కొడుకు పెళ్ళి. నా బరువూ కలిసింది."

నేను వంగి కాళ్ళ కిందున్న పొగ గొట్టం వైపు చూస్తాను.

"నీళ్ళు ఆ గొట్టంలోంచే ఇంజన్లోకి ఎక్కేయి. దానికి మెడ ఎత్తించాలనుకున్నాను. ఒంపు పైకెక్కి దిగితే నీళ్ళు ఎనక్కి రావు. ఎల్డింగ్ సాపులో కొలతలు కూడా ఇచ్చేను. వచ్చే నెల్లో సూద్దామనుకున్నాను, ఆ నెల నాకు రాలేదు."

"రేపు స్టార్ట్ చేస్తే?"

"గాలిని నొక్కితే నలుగుద్ది. నీళ్ళు నలగవు. సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్‌ని తోసే రాడ్డు ఒంగుద్ది. జెట్టీ కాడ ఒంగి, నడి సముద్రంలో తెగితే, ఆడు ఎవర్ని పిలుత్తాడమ్మా?"

వీరబాబు జెట్టీ చివర ఇంకా చేతులూపుతూనే ఉన్నాడు. వద్దని అరుస్తాను, నోట్లోంచి గుడగుడమనే చప్పుడు తప్ప ఏమీ రాదు. మావయ్యగారు మూత మీంచి లేస్తున్నారు, కింద ఇంజను కదులుతోంది.

కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం మూడైంది. ఫ్యాను గడగడలాడుతోంది. వీరబాబు నేల మీద కూర్చుని రేపటికి సంచి సర్దుతున్నాడు. పొద్దున కూలర్ బిగించడం నిజం. రేపు తెల్లవారుజామున స్టార్ట్ చేస్తారన్నదీ నిజం.

ఫోన్ తీశాను. తెర మీద ఆ రోజు బోటులో దిగిన మా పెళ్ళి ఫోటో. ఈ పంతొమ్మిది రోజుల్లో వందసార్లు చూసి ఉంటాను, ప్రతిసారీ నా భుజం మీద ఆయన చెయ్యే చూశాను. ఇప్పుడు కిందికి చూశాను. బోటు వెనక, తెల్ల రంగు మీద, నీటికి జానెడు ఎత్తులో ఉండాల్సిన గొట్టం మూతి కనపడలేదు. అక్కడంతా నీళ్ళే.

"రేపు ఇంజను స్టార్ట్ చెయ్యకండి" అన్నాను. కల చెప్పాను.

ఆయన నవ్వాడు. "సచ్చిపోయేక కూడా రిపేర్లేనా మా నాన్నకి?"

ఫోటో ఇచ్చి, మెడ సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"అది నీకెవరు సెప్పేరు?" అన్నాడు. "అమ్మకి కూడా తెల్దు. ఆ సాపుకి నన్నొక్కణ్ణే తీసుకెళ్ళేడు."

ఆయన ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, ఆ నీళ్ళని చూశాడు. తరవాత మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

"గరగన్నా, రేపు ఏటకి దిగట్లేదు. తాళం ముట్టుకోకు. పొద్దున్న ఆరింటికి వచ్చెయ్, ఇంజక్టర్లు ఇప్పి ఇంజన్ని చేత్తో తిప్పుదాం, ఆ బొక్కల్లోంచి నీళ్ళొత్తాయో లేదో సూద్దాం. ఆయిలంతా మళ్ళీ దింపేద్దాం. అదయ్యేక గొట్టానికి మెడ." నా వైపు చూశాడు. "మా ఆవిడ కూడా వత్తాది. రుచి సూడ్డానికి."