పాలపన్ను బరువు

నేను పార్సిల్ ఆఫీసులో తూకం కౌంటర్‌లో కూర్చుంటాను. ఎవరు ఏ మూట తెచ్చినా కాటా మీద పెట్టించి బరువు చెప్పడం నా పని. బడి వదలగానే మా బుల్లి నా దగ్గరికే వస్తుంది. రెండో తరగతి. పేరుకే బుల్లి, మనిషి బొద్దు.

ఆ సాయంత్రం కౌంటర్ ఖాళీగా ఉంటే అది కాటా ఎక్కి నిలబడింది. దిగి, బూట్లు విప్పి మళ్ళీ ఎక్కింది. దిగి, బెల్టు తీసింది. ఆ తర్వాత జడ క్లిప్పులు. నాకు నవ్వొచ్చింది.

"ఏమే, నిన్ను ఏ ఊరికి పంపమంటావు?" అన్నాను.

అది నవ్వలేదు. "క్లిప్పులు తీసినా అంతే చూపిస్తోందమ్మా," అంది.

నేను దాన్ని కాటా మీంచి దించేశాను.

పిల్లల ఆరోగ్యం కోసమని బళ్ళో ఆ నెల ఒక కార్యక్రమం పెట్టారు. పొద్దున్నే పరుగు, తాడాట, టిఫిన్ డబ్బాలో పళ్ళు. మంచిదే, నేనేమీ కాదనను. బుల్లి కూడా చెమటలు కక్కుతూ పరిగెత్తి, ఇంటికొచ్చి గొప్పలు చెప్పుకునేది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆటల మాస్టారికి ఉత్సాహం పొంగి, ఏ తరగతి బరువు ఎక్కువ తగ్గితే ఆ తరగతికి కప్పు అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. వాళ్ళ తరగతిలో బొద్దు పిల్ల ఇదొక్కతే.

"నావల్లే కప్పు పోతుందట. అందరూ అంటున్నారు."

"అననీ. పోతే పోయింది వెధవ కప్పు."

"నీకేం, నువ్వు మా క్లాసు కాదుగా," అంది.

ఆ పూట భోజనం దగ్గర రెండు ముద్దలకే లేచింది. పన్ను కదులుతోందట, కడుపు నిండిందట. పన్ను కదలడం నిజమే. కడుపు నిండడం పచ్చి అబద్ధం. బతిమాలాను, కసిరాను, ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్ళాను. పెదాలు బిగించేసింది. తిండి పెట్టమని నన్ను పీక్కుతినే పిల్ల, తిండిని చూసి భయపడుతోంది. బళ్ళో తూకం మర్నాడే.

పొద్దున్నే గేటు దగ్గర మాస్టారిని పట్టుకుని సంగతి చెప్పాను.

"ఏదో సరదాకండీ. పిల్లలు రేపటికి మర్చిపోతారు," అని నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆఫీసులో నా మనసు మనసులో లేదు. ఒకరి మూట బరువు ఇంకొకరికి చెప్పి చీవాట్లు తిన్నాను. ఇంతలో బడి నుంచి ఫోన్.

"మీ పాప నోట్లోంచి రక్తం వస్తోంది. ఒకసారి రండమ్మా."

ఎలా వెళ్ళానో నాకే తెలియదు. వ్యాయామం గదిలో పిల్లలంతా కాటా ముందు వరసలో బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు. మాస్టారు నేల మీద కూలబడి బుల్లి నోటికి చేతిరుమాలు అదిమి పట్టుకున్నాడు.

"వరసలో నిలబడే పన్ను పీకేసుకుందండీ," అన్నాడు.

బుల్లి పిడికిలి విప్పింది. మెతుకంత పాలపన్ను.

"తీసేశాను కదా సార్, ఇప్పుడు చూడండి," అంటూ కాటా ఎక్కబోయింది.

మాస్టారి కోసం దారిలో కూడబెట్టుకున్న తిట్లన్నీ పక్కన పెట్టేశాను. నేను దాన్ని ఎత్తుకున్నాను. మాస్టారు లేచి, బల్ల మీది కప్పును బీరువాలో పడేసి తాళం వేశాడు. "కప్పూ లేదు, తూకమూ లేదు. పరుగొక్కటే ఉంటుంది. అందరూ గ్రౌండుకి పదండి," అన్నాడు. ఎవరి మొహమూ చూడలేదు, నాది అసలే చూడలేదు.

బుల్లిని ఆఫీసుకి తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టుకుని చల్లటి పాలు ఇచ్చాను. గటగటా సగం తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అది ఆగి, పన్ను ఊడిన చోట నాలుకతో తడుముకుంది.

"ఇక్కడ మళ్ళీ పన్ను వస్తుందా అమ్మా?"

"ఎందుకు రాదే! దానికంటే పెద్దది, గట్టిది వస్తుంది," అన్నాను సంబరంగా.

బుల్లి గ్లాసు వైపు చూసింది. దాన్ని మెల్లగా నా వైపు జరిపింది.

"పెద్దదైతే బరువెక్కువ ఉంటుందిగా?"

పొద్దస్తమానం ఊరందరికీ బరువులు చెప్పే నేను, లేచి కాటా మీద గుడ్డ కప్పేసి, గ్లాసును మళ్ళీ దాని వైపు జరిపాను.