పేరు తిన్న పందికొక్కు

పుస్తకాలకు అట్టలు కట్టే వదినను వీధిలో అందరూ జిగురు వదిన అంటారు. మైదా ఉడికించి, చిటికెడు మైలుతుత్తం కలిపి ఆమె చేసే జిగురు పట్టిందంటే మళ్లీ వదలదు. తుత్తం విషం. అది ఉంటే పురుగూ ఎలుకా ఆ దరికి రావు.

ఓ రోజు మాత్రం తుత్తం మరిచిపోయింది. పైగా లైబ్రరీవారి పాత ఇంగ్లీషు నిఘంటువు వీపుకు జిగురు పూసి, ఆరడానికని నేలమీదే వదిలేసింది. పొద్దున చూస్తే పందికొక్కు వచ్చి పోయింది. లోపలి కాగితం ఒకటి సగానికి పైగా మాయం.

లైబ్రేరియన్ మంచివాడే గాని పుస్తకం జోలికొస్తే మంచితనం అక్కడితో సరి. పుస్తకం తడిపాడని ఇంతకుముందు అట్టలు కట్టినవాణ్ణి మళ్లీ గుమ్మం ఎక్కనివ్వలేదు.

కాలేజీలో పాఠాలు చెప్పే మరిది అలాంటిదే ఇంకో నిఘంటువు తెచ్చిపెట్టాడు. పోయిన కాగితాన్ని వదిన చేత్తో దించుతుంటే అతను పక్కన కూర్చుని విడమరిచి చెప్పాడు. ప్రతి మాట కిందా, అది ఏ భాషలోంచి వచ్చిందో చిన్న అక్షరాల్లో ఉంది. బనానా ఆఫ్రికాలో పుట్టిందట.

"అరటిపండుకి ఇంగ్లీషు మాటని బళ్లో బెత్తంతో కొట్టి మరీ నేర్పారు. తీరా చూస్తే అది ఎరువు తెచ్చుకున్నదా?" అంది వదిన.

తలకు కట్టుకునే బ్యాండానా హిందీలోంచి వెళ్లిందట. ఆ తర్వాత మాట దగ్గర మరిది ఆగి, నవ్వు ఆపుకోలేకపోయాడు. "బ్యాండికూట్. ఇది మనదే వదినా. తెలుగు పందికొక్కే అక్కడికి పోయి టై కట్టుకుంది."

"తన పేరున్న కాగితమే ఏరుకుని తిన్నదా, దొంగపీనుగ!"

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నాక మరిది ఉపాయం చెప్పాడు. ఆ కాగితం ముందే లేదంటే సరిపోతుంది, రాసి అతికించినందుకు లైబ్రేరియన్ మెచ్చుకుంటాడు కూడా అని. వదిన 'తెలుగు నుంచి' అని రాయాల్సినచోట కలం ఆపింది.

"ఏ మాట ఎక్కడ తెచ్చుకుందో ఈ పుస్తకమే దాచుకోలేదు గదయ్యా," అంది.

మర్నాడు లైబ్రేరియన్‌కు తుత్తం మరిచిపోవడం దగ్గర్నుంచి అంతా చెప్పేసింది. ఆయన చేతిరాత కాగితం మీద వరస వరసా వేలు నడిపాడు. బ్యాండికూట్ దగ్గర వేలు ఆగింది.

"తిన్నది ఇదేనా?"

"అదేనండి. ఇంటిపేరుతో సహా తినేసింది."

ఆయన పెదవి చివర కాస్త కదిలింది. నవ్వు మాత్రం బయటికి రానివ్వలేదు.

"ఈ అతుక్కి తుత్తం వేశావా?"

"రెండింతలు వేశానండి."

ఆయన లోపలికి వెళ్లి, అట్టలూడిన పుస్తకాలు ఓ బొత్తి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వీటిని నేలమీద పెట్టకమ్మా," అన్నాడు.